పెంచే చేతులకు చట్టం తోడు

సుండిపెంటలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన టీ బంకు నడుపుతాడు. ఇంటామె శ్రీశైలంలోని ఒక సత్రంలో వంటకు పోతుంది. పక్కింటి దంపతులు ఏడాది తేడాతో ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్లకు ఎనిమిదేళ్ల కూతురు. బంధువులెవరూ ముందుకు రాలేదు. కర్మకాండలు ముగిసిన రోజు ఈ ఇంటామె ఆ పిల్ల బట్టల మూట తీసుకుని, చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచి పొద్దున్నే తల దువ్వి, రెండు జడలేసి, బడికి పంపి, ఆ తర్వాతే సత్రానికి పోతోంది.

మూడేళ్లు బాగానే గడిచాయి. ఒకరోజు పిల్లకు కడుపునొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఆసుపత్రిలో కాగితం ముందుపెట్టి, ‘అమ్మా, నువ్వు ఈ పాపకు ఏమవుతావు?’ అని అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆధార్ కార్డులో మార్పు చేయించాలన్నా, గురుకులంలో సీటుకు దరఖాస్తు పెట్టాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఈ ఇల్లు నేను ఊహించి రాసిందే. కానీ ఇలాంటి ఇళ్లు ఆత్మకూరులో, వెలుగోడులో, నల్లమల గూడేల్లో, రాయలసీమ పల్లెల్లో మీకూ తెలిసే ఉంటాయి. ఒకరి బిడ్డను మరొకరు కన్నబిడ్డలా సాకడం మన దగ్గర కొత్త కాదు. సన్మానాలూ శాలువాలూ లేకుండా రోజూ ఈ పని చేస్తున్నవాళ్లు నా దృష్టిలో చాలా పెద్ద మనుషులు. వాళ్ల కోసమే చట్టంలో ఒక చోటు ఉంది. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

ఆ చట్టం బాలల న్యాయ చట్టం, 2015. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. తల్లిదండ్రులు లేని, వదిలేసిన, తప్పిపోయిన, అడుక్కుంటున్న, పనిలో మగ్గుతున్న పిల్లలందరినీ ఇది ‘రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలు’ అంటుంది. వాళ్లు ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించే అధికారం బాలల సంక్షేమ కమిటీది. ఆఫీసుల్లో దీన్నే సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యుల్లో కనీసం ఒక మహిళ ఉండాలి. కోర్టు మాదిరి ఆర్డరు ఇచ్చే అధికారం ఉన్నా, అక్కడ బోనులూ నల్లకోట్లూ ఉండవు. పిల్లలు భయపడకుండా మాట్లాడేలా కూర్చోబెట్టి అడగాలన్నదే చట్టం ఉద్దేశం. లాయరును పెట్టుకోవాల్సిన పనీ లేదు.

ఈ కమిటీ ముందు ఉన్న దారుల్లో అనాథాశ్రమం ఒకటి మాత్రమే, అదీ చిట్టచివరిది. పిల్లలు కుటుంబంలోనే పెరగాలి, వేరే దారి లేనప్పుడే హోమ్‌కు పంపాలి అని చట్టం 3వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు. రక్తసంబంధం లేని కుటుంబానికి బిడ్డను పెంపకానికి అప్పగించే ఏర్పాటును ఫోస్టర్ కేర్ అంటారు. ఇది 44వ సెక్షన్‌లో ఉంది. సుండిపెంట ఇంటామెకు కావలసింది ఈ ఆర్డరే. ఆమె వెళ్లాల్సింది మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేసే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి. దరఖాస్తు ఇస్తే అక్కడి సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఎన్ని గదులున్నాయో ఒక్కటే చూసి పోరు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో తాగుడు గొడవలున్నాయా, ఈ ఇంటి పిల్లలకూ ఆ పిల్లకూ తిండిలో తేడా ఉందా అని ఆరా తీస్తారు, పిల్లతో విడిగా మాట్లాడతారు. ఈ ప్రశ్నలు కొందరికి అవమానంగా అనిపించవచ్చు. దయచేసి కష్టపెట్టుకోవద్దు. మీలాంటి మంచివాళ్ల వేషంలో వచ్చే చెడ్డవాళ్లను ఆపడానికే ఆ ప్రశ్నలు.

ఆర్డరు చేతికి వచ్చాక ఆసుపత్రిలో అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. చదువు, వైద్యం, తిండి చూసుకునే బాధ్యత చట్టం ఆ కుటుంబానికే రాసిస్తుంది. అందుకు ప్రభుత్వం నెలనెలా డబ్బు కూడా ఇవ్వాలి. మిషన్ వాత్సల్య పథకం కింద ఇప్పుడది ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కమిటీ ప్రతి నెలా ఆ ఇంటిని చూసి రావాలి. బిడ్డ సుఖంగా లేదనిపిస్తే వెనక్కి తీసుకుంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు విడదీయకూడదు. కన్నతల్లో తండ్రో బతికే ఉండి, ఏ కారణంగానో సాకలేకపోతే, వాళ్లు వచ్చి బిడ్డను చూసి పోవచ్చు. కోలుకుని, సాకగలరని కమిటీ నమ్మితే బిడ్డ వాళ్ల దగ్గరికి తిరిగి పోతుంది. పెంచినవాళ్లకు అది గుండె కోత. అయినా ఈ బాధ్యతకు ఒప్పుకునేటప్పుడే ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి.

‘అయితే పాప మాది కాదా?’ అని అడుగుతారు. ఫోస్టర్ కేర్ దత్తత కాదు. ఇంటిపేరు మారదు, ఆస్తిలో వాటా రాదు. కన్నవాళ్ల ఆస్తి మీద ఆ బిడ్డ హక్కు ఎక్కడికీ పోదు. అయితే ఒక దారి ఉంది. 2024లో కేంద్రం మార్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం, ఒక కుటుంబంలో రెండేళ్లు పెరిగిన బిడ్డను, ఆ బిడ్డ దత్తతకు అర్హత పొందితే, అదే కుటుంబం దత్తత తీసుకోవచ్చు. పాత నిబంధనలో అది ఐదేళ్లు. ఆరేళ్లు దాటిన పిల్లలకే ఈ ఏర్పాటు. పసిపిల్లలను దత్తత తీసుకోవడానికి ఎందరో వరుసలో ఉంటారు. ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలను అడిగేవాళ్లే తక్కువ. హోమ్‌లలో ఏళ్ల తరబడి ఉండిపోయేదీ వాళ్లే.

ఈ మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటి ఉంది. 35 ఏళ్లు నిండి 60 దాటనివాళ్లు ఒంటరిగా ఉన్నా బిడ్డను పెంచుకోవచ్చు. పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు అందరూ వస్తారు. ఒంటరి మహిళకు ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా అప్పగించవచ్చు. ఒంటరి మగవాళ్లకు మగపిల్లలను మాత్రమే ఇస్తారు. మన ఊళ్లలో భర్త పోయిన ఆడమనిషిని శుభకార్యాలకే దూరం పెడుతుంటారు. ఒక బిడ్డకు అమ్మగా ఉండే అర్హత ఆమెకుందని చట్టం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

బిడ్డను సాకేది అవ్వో, చిన్నమ్మో, మేనమామో అయితే దారి వేరు. అది ఫోస్టర్ కేర్ కిందికి రాదు, స్పాన్సర్‌షిప్ కిందికి వస్తుంది. బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు, భర్త పోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడ్డ ఇళ్ల పిల్లలకు అదే 4,000 రూపాయలు అందే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. బిడ్డ బడికి పోతుండాలి. తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, పిల్లల ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆదాయ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని అదే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లాలి. ఊళ్లో ముందుగా అడగాలంటే అంగన్‌వాడీ టీచరును, సచివాలయం సిబ్బందిని అడగండి.

ఇక స్టాంపు పేపరు సంగతి. పెద్దమనుషుల మధ్య వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఈ బిడ్డను ఫలానావాళ్లకు దత్తత ఇస్తున్నాం’ అని రాయించుకుని, బీరువాలో దాచుకుని, అంతా సక్రమమైందని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. ఆ కాగితంతో దత్తత జరగదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను ఇవ్వగలిగేది కన్నవాళ్లే. వాళ్లు లేకపోతే సంరక్షకులు ఇవ్వాలి, అదీ ముందుగా కోర్టు అనుమతి తీసుకుని. అమ్మమ్మ వేలిముద్ర వేసినంత మాత్రాన సరిపోదు. డబ్బు చేతులు మారితే అది నేరం. అనాథ బిడ్డను పద్ధతి తప్పి దత్తత ఇచ్చినా తీసుకున్నా బాలల న్యాయ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం.

చట్టాన్ని ఇంత కటువుగా ఎందుకు రాశారని అడిగేవాళ్లకు మన రాష్ట్ర చరిత్రే జవాబు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, దత్తత పేరుతో విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. సామాజిక కార్యకర్త గీతా రామస్వామి లాంటివాళ్లు దాని వెంటపడి తండాల్లోకి వెళ్లి, నిజం బయటికి తెచ్చారు. పేద తల్లి చేతిలో నోట్లు పెట్టి బిడ్డను తీసుకుపోయిన వాళ్ల దగ్గర కూడా సంతకాలున్న కాగితాలు ఉన్నాయి. ఆ అనుభవం తర్వాత కాగితం ఎవరిచ్చారు, ఏ అధికారంతో ఇచ్చారు అని చట్టం గట్టిగా అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు శ్రీశైలం కొండ మీది సంగతికి వద్దాం. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల అడవి దారిన వేలాదిగా నడిచి వస్తారు. శివరాత్రికి మన జనం పోటెత్తుతారు. క్యూలైన్ల దగ్గర, పాతాళగంగ మెట్ల మీద చెయ్యి విడిపోయి ఏడుస్తున్న బిడ్డ కనిపిస్తే ఏం చేయాలి? దగ్గర కూర్చోబెట్టుకుని మంచినీళ్లిచ్చి 1098కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పోలీసులకు చెప్పండి. తప్పిపోయిన, వదిలేసిన బిడ్డ దొరికితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో తెలియజేయడం 32వ సెక్షన్ కింద ప్రతి ఒక్కరి విధి. సత్రం వాచ్‌మన్‌కూ ఆర్టీసీ కండక్టర్‌కూ నర్సుకూ అది ఒకటే. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల జరిమానా పడవచ్చు. బిడ్డను కమిటీ ముందుకు మీరే స్వయంగా తీసుకెళ్లవచ్చు. మంచి మనసున్న పౌరుడెవరైనా ఆ పని చేయవచ్చని 31వ సెక్షన్ చెబుతోంది. కమిటీ సమావేశం లేని రోజైతే ఒక్క సభ్యుడి ముందు హాజరుపరిచినా చాలు. బిడ్డది కర్ణాటక అయితే అక్కడి జిల్లా కమిటీకి పంపే ఏర్పాటు వాళ్లు చూస్తారు.

ఒక్క పని మాత్రం చేయకండి. ‘ఈ పాప శ్రీశైలంలో దొరికింది, షేర్ చేయండి’ అని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. సంరక్షణ అవసరమైన బిడ్డ గుర్తింపును బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆ ఫొటో చూసి ‘మా పాపే’ అంటూ ఎవరెవరు వస్తారో ఒక్కసారి ఆలోచించండి. ప్రకటన వేయాలా వద్దా అన్నది కమిటీ, పోలీసులు చూసుకుంటారు.

చెంచు గూడేల్లో ఇంకో చిక్కు. తల్లిదండ్రులు పోయిన బిడ్డను గూడెమే సాకుతుంది, కానీ బిడ్డ పుట్టినట్టే ఎక్కడా నమోదై ఉండదు. ఆ కారణంతో బడిలో చేర్చుకోం అనడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. ఏడాది దాటిన పుట్టుకను కూడా మెజిస్ట్రేటు అధికారమున్న అధికారి ఉత్తర్వుతో నమోదు చేయించుకోవచ్చు. శ్రీశైలం ఐటీడీఏ ఆఫీసులో అడిగితే ఆ దారి చూపాలి. సుగ్గికి, అంటే కూలి పనులకు, వలసపోయే కర్నూలు పడమటి పల్లెల్లో అవ్వాతాతల దగ్గర మిగిలిపోయే పిల్లలకూ బడి విషయంలో ఇదే హక్కు. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి, అనాథలకు అక్కడ ముందు వరుస. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి ఉచిత సీట్లలో అనాథ పిల్లలకూ మన రాష్ట్రంలో కోటా ఉంది.

చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆఫీసు కదలదు. కదిలించే మనుషులు కావాలి. సంపూర్ణ బెహురా అనే సామాజిక కార్యకర్త 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పిల్లల కోసం అప్పటికే ఒక చట్టం చేశారు, కమిటీలేవి, సభ్యులేరి అన్నదే ఆమె ప్రశ్న. పదమూడేళ్లు పట్టినా పట్టువదల్లేదు. 2018 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ఖాళీలు భర్తీ చేయాలని, ఈ చట్టం అమలును హైకోర్టులే తమంతట తాముగా పర్యవేక్షించాలని కోర్టు చెప్పింది. ఇక్కడ మన సీమలో, కడపలో, పి.వి.సంధ్య 1992లో ఆర్తి హోమ్ మొదలుపెట్టి, వద్దనుకుని వదిలేసిన ఆడపిల్లలను చేరదీశారు. ఫోస్టర్ కేర్ అన్న మాట మన చట్టాల్లో స్థిరపడకముందే మొదలైన పని అది. వీళ్ల పేర్లు మనకు తెలుసు. సత్రంలో గరిటె తిప్పి వచ్చి, రాత్రి పిల్ల లెక్కల పుస్తకం ముందు కూర్చునే ఇంటామె పేరు తెలియదు. ఆమె చేసేదీ అదే పని.

ఇప్పటికే ఒక బిడ్డను సాకుతూ, ఏ ఆర్డరూ తీసుకోని వాళ్లు భయపడి దాక్కోవద్దు. ఆలస్యమైనా మీ అంతట మీరే కమిటీ ముందుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పడం మేలు. బిడ్డ క్షేమమే కమిటీకి మొదటి లెక్క, బిడ్డ మాట కూడా అది వినాలి. ఫోస్టర్ కేర్ ఆర్డరు వచ్చేలోపు కొంతకాలం బిడ్డను మీ దగ్గరే ఉంచేలా, మిమ్మల్ని యోగ్యమైన వ్యక్తిగా గుర్తించే అధికారం 52వ సెక్షన్ కింద కమిటీకి ఉంది. ఆఫీసులో ఎవరైనా తిప్పుకుంటుంటే నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100. బిడ్డ ఆపదలో ఉంటే 1098, అది రాత్రింబవళ్లూ పనిచేస్తుంది. ఈ రెండు నంబర్లూ మీ సత్రం గోడ మీద, మీ బంకు మీద, మీ బడి గేటు మీద రాయించండి.