తాళం పగిలితే రాబరీ కాదు

అమ్ములూ,

నువ్వు పంపిన క్రైమ్ వార్తలు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. ఒక్క మాటే పంటి కింద రాయిలా తగిలింది. ఊరెళ్లిన వాళ్లింట్లో తాళం పగలగొట్టి ఇరవై తులాల బంగారం ఎత్తుకుపోతే ‘భారీ రాబరీ’ అన్నావు. భారీయే, కాదనను. కానీ అది రాబరీ కాదు తల్లీ, థెఫ్ట్.

పోయిన సొమ్ము ఎంతన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మనిషిని కొట్టారా, కదలనీయకుండా పట్టుకున్నారా, అక్కడికక్కడే పొడుస్తామని బెదిరించారా? చూడాల్సింది అదీ. ఎవరూ లేని ఇంట్లో కోటి రూపాయలు పోయినా థెఫ్టే. కత్తి చూపించి జేబులోంచి వంద నోటు లాక్కున్నా రాబరీయే. 1860 నాటి ఐపీసీ చెప్పిందీ ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ గీత చెరగలేదు.

అసలు మెలిక ఒకటుంది. బస్టాండులో నిద్రపోతున్నాయన బ్యాగు పట్టుకుని దొంగ మెల్లగా జారుకుంటున్నాడనుకో. ఆయన లేచి అడ్డం పడ్డాడు. బ్యాగు వదలకుండా పట్టుకుపోవాలని దొంగ ఆయన్ను కొడితే ఆ థెఫ్ట్ కాస్తా రాబరీ అయిపోతుంది. బ్యాగు అక్కడే పారేసి, కేవలం తప్పించుకోవాలని తోసేసి పరిగెత్తాడా, థెఫ్ట్‌గానే మిగులుతుంది; తోసినందుకు వేరే సెక్షన్ ఉంటుంది. తగిలిన దెబ్బ ఒకటే, దేనికి కొట్టాడన్నదే తేడా. మొదటిసారి పట్టుబడ్డవాడికి మామూలు థెఫ్ట్‌లో గరిష్ఠంగా 3 ఏళ్లు, రాబరీలో 10. చీకటిపడ్డాక హైవే మీద చేస్తే 14 దాకా వేయొచ్చు.

బైకు మీద వచ్చి మెడలో గొలుసు తెంచుకుపోయే కేసుల్లో మాత్రం పెద్ద పెద్దవాళ్లే తడబడేవారు. ఇప్పుడు స్నాచింగ్‌కు 304 అని విడిగా పెట్టారు. అయినా మెడకు గాయమైందా అని అడగడం మానకు. ఇక ఐదుగురు, అంతకు మించి కలిసి రాబరీ చేస్తే డెకాయిటీ.

ఈసారి స్టేషన్‌కు ఫోన్ చేసినప్పుడు ఎంత పోయిందని కాదు, ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారని ముందడుగు. 303, 305 అంటే చోరీ అని రాయి. 309 అంటేనే దోపిడీ. చోరీకి రెండక్షరాలేగా, హెడ్డింగులో చోటు కూడా కలిసొస్తుంది.

నీ
పెదనాన్న