తూర్పు దిక్కుకు మొక్కడమంటే

"మాకు చదువు రాదు కదయ్యా, బడికొచ్చి మేమేం చేస్తాం?"

పల్లెల్లో తిరిగేటప్పుడు ఈ మాట ఎన్నోసార్లు విన్నాం. అన్నవాళ్లు సోమరులు కారు. పొద్దున్నే కూలికి పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్లు. టీచరు ముందు నిలబడాలంటే జంకు, అంతే. తరతరాలు మనల్ని బడి గడప బయట నిలబెట్టారు, ఆ జంకు అక్కడిది.

రాజగృహంలో సిగాలుడనే యువకుడు రోజూ తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కేవాడు. బుద్ధుడు అతనికి అసలు అర్థం చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం అంటే గురువులు. ఒకరిపట్ల ఒకరు బాధ్యత నెరవేర్చుకోవడమే నిజమైన మొక్కు. సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులకు ఐదు బాధ్యతలున్నాయి. చెడు నుంచి ఆపడం, మంచిలో నిలపడం, విద్య నేర్పించడం వాటిలో మొదటి మూడు. అంటే పిల్లల చదువు పట్టించుకోవడం మనకు ధమ్మాచరణే.

బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్‌ను చూడండి. బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో కాపురం. కొడుకును చదువుకోడానికి తెల్లవారుజామున రెండు గంటలకే లేపేవాడు. పుస్తకాలకు డబ్బుల్లేకపోతే పెళ్లయిన కూతుళ్ల దగ్గర అప్పు తెచ్చేవాడు. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యాడు. రామ్‌జీ చదువుకున్నవాడే. కానీ పిల్లాణ్ని నిద్రలేపడానికి చదువు కావాలా?

చట్టం కూడా మనవైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ప్రభుత్వ బడి ఎలా నడుస్తోందో, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూసే పని ఈ కమిటీదే. చదువు రానివాళ్లు కూర్చోకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఈ నెల నుంచి నాలుగు పనులు చేద్దాం:

1. రాత్రి అన్నం తినేటప్పుడు, "ఇవాళ బడిలో ఏం చెప్పారు?" అని అడుగుదాం. పాఠం గట్టిగా చదివించి విందాం.

2. పత్తి తీతకనీ, చంటిబిడ్డను చూసుకోడానికనీ బడి మాన్పించొద్దు. ముఖ్యంగా ఆడపిల్లను.

3. నెలకోసారి బడికెళ్లి టీచరును పలకరిద్దాం. ఒక్కరే వెళ్లడానికి జంకితే నలుగురం కలిసి పోదాం.

4. కమిటీ సమావేశానికి తప్పక వెళదాం. రాసింది చదివి వినిపించమని అడిగాకే సంతకమైనా, వేలిముద్రయినా.

ఆలోచించండి: మీ బిడ్డ టీచరు పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే బిడ్డను అడగండి. మొదటి అడుగు అదే.

నమో బుద్ధాయ! జై భీమ్!