అమెరికా ఎన్నికలు - ధనము : కొన్ని ముఖ్య పదములు

విద్యార్థులారా! వార్తాపత్రికలలో అమెరికా ఎన్నికలనుగూర్చి చదువునపుడు కొన్ని పదములు అర్థముగాక మిగిలిపోవును. పదము తెలియనిచో వార్త తెలియదు. కావున వానిలో ముఖ్యమైనవానిని మన భాషలో వివరింపదలచితిమి.

ప్రైమరీ : పార్టీ అభ్యర్థిని నిర్ణయించుటకై జరుగు తొలి ఎన్నిక. మన దేశమున పార్టీ పెద్దలు అభ్యర్థిని నిర్ణయింతురు. అచ్చట ఆ యధికారము చాలవరకు ఓటర్లదే. ఓటర్లు సభగా కూడి, చర్చించి నిర్ణయించు పద్ధతిని కాకస్ అందురు.

ఎలక్టొరల్ కాలేజి : పేరునుబట్టి ఇది విద్యాలయమని భ్రమపడరాదు. ఇది అధ్యక్షుని ఎన్నుకొను 538 మంది ఎలక్టర్ల సముదాయము. 270 మంది మద్దతు పొందినవారు గెలుతురు. 48 రాష్ట్రములలో అత్యధిక ఓట్లు వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరును దక్కుదురు. ఇందువలననే 2000లో జార్జి బుష్, 2016లో డొనాల్డ్ ట్రంప్ దేశము మొత్తముమీద ప్రత్యర్థికంటె తక్కువ ఓట్లు పొందియు అధ్యక్షులైరి.

విరాళము, వ్యయము : అభ్యర్థికి ఇచ్చునది విరాళము, ప్రచారమునకై వెచ్చించునది వ్యయము. 1976లో బక్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, విరాళమునకు పరిమితి ఉండవచ్చుననియు, వ్యయమునకు పరిమితి విధించుట వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమనియు తీర్పు చెప్పెను. మన చట్టము అభ్యర్థి వ్యయమునకు కూడ పరిమితి విధించుచున్నది. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

పాక్ : విరాళములు పోగుచేసి అభ్యర్థులకు ఇచ్చు రాజకీయ సంఘము. ఇది ఒక అభ్యర్థికి ఒక్కొక్క ఎన్నికకు 5,000 డాలర్లకు మించి ఇయ్యరాదు.

సూపర్ పాక్ : 2010 నాటి కోర్టు తీర్పులవలన పుట్టినది. ఇది ఎంత ధనమైనను స్వీకరింపవచ్చును, వ్యయపరుపవచ్చును. కాని అభ్యర్థికి నేరుగా ఇయ్యరాదు. అతనితో సంప్రదించి ప్రకటనలు వేయరాదు.

డార్క్ మనీ : దాత పేరు వెల్లడికాని ప్రచార ధనము. దీనిని మన నల్లధనముతో ఒకటిగా తలపరాదు. నల్లధనము పన్ను ఎగవేసినది. ఇది చాలవరకు చట్టము విడిచిన సందులలో నడచునది.

ఫెడరల్ ఎన్నికల కమీషను : 1974 నాటి చట్టముచే ఏర్పడి ప్రచార ధనమును పర్యవేక్షించు సంస్థ. సభ్యులు ఆరుగురు, ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదు. ముఖ్య నిర్ణయములకు నాలుగు ఓట్లు కావలెను. కావున ఇరుపక్షములు సరిసమానమైనపుడు ఏ నిర్ణయమును వెలువడదు.

భాషా అల్పసంఖ్యాకుల బ్యాలెట్టు : ఓటుహక్కు చట్టమునకు 1975లో జరిగిన సవరణ ప్రకారము, స్పానిష్ భాషీయులు, ఆసియా సంతతివారు, ఆదిమవాసులు నిర్ణీత సంఖ్యలోనున్న ప్రాంతములలో బ్యాలెట్టును, ఎన్నికల ప్రకటనలను వారి భాషలోను అందింపవలెను. పరభాషల నడుమ బ్రదుకు మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

బాలలారా! పెట్టెలో పడిన ఓటు ధనికునిదైనను పేదదైనను ఒక్కటే. కాని ఓటరు చెవిని చేరు మాటలలో ధనముగలవాని మాటయే బిగ్గరగా వినవచ్చును. ఈ రెంటిని సమన్వయించుట ఎట్లు? అమెరికా అర్ధశతాబ్దిగా ఎదుర్కొనుచున్న ప్రశ్న ఇదియే. ఈ పదములను మీ తలిదండ్రులకు చదివి వినిపించి, వ్యయమునకు పరిమితి ఉండవలెనా, వలదా యని వారితో చర్చింపుడు.