అడవి పైడికంటె

సంధ్యవేళ ఊరిచివర చెట్టుతొర్ర నుండి కిచకిచమంటూ బయటికి వచ్చే పైడికంటె తెలుగువారికి చిరపరిచితమైన పక్షి. దానికి తలనిండా తెల్లని చుక్కలు, పచ్చని కళ్లు. ఈ చిన్న గుడ్లగూబకు దగ్గరి చుట్టమొకటి మధ్యభారతపు అడవులలో ఉంది. అదే అడవి పైడికంటె. శాస్త్రజ్ఞులకు అది 113 ఏళ్లపాటు కనిపించలేదు.

1872లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో బ్లెవిట్ అనే ఆంగ్లేయుడు దీనిని సేకరించాడు. మరుసటి ఏడు ఏ.ఓ.హ్యూమ్ దీనిని కొత్త జాతిగా వర్ణించి, బ్లెవిట్ పేరు పెట్టాడు. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకులలో ఒకడైన హ్యూమే ఇతడు, పక్షిశాస్త్రంలోనూ దిట్ట. ఆ తరువాత డేవిడ్సన్ అనే అధికారి ఖాందేశ్‌లో మరికొన్నింటిని సేకరించాడు. 1884 తరువాత ఈ పక్షి జాడ లేదు.

కాదు, ఒక జాడ ఉన్నట్లే లోకం నమ్మింది. 1914లో గుజరాత్‌లోని మాండ్వి వద్ద తానొక పక్షిని సేకరించానని కర్నల్ మైనర్ట్‌జాగన్ ప్రకటించాడు. మ్యూజియంలోని పక్షికి విలువ దాని కాలికి కట్టిన చీటీని బట్టి ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో ఆ చీటీయే చెప్పాలి. ఆ చీటీని నమ్మి కొందరు మాండ్వి పరిసరాలలో వెదికారు. సలీం అలీ, రిప్లే వంటి ఉద్దండుల అన్వేషణ కూడా ఫలించలేదు. మామూలు పైడికంటెను చూసి ఇదేనని భ్రమించినవారూ ఉన్నారు.

1990 దశకంలో పమేలా రాస్ముసేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆ నమూనాను నిశితంగా పరీక్షించింది. ఎక్స్‌రేలు తీయించింది. చర్మాన్ని ఒలిచి, దూది కూర్చి, కుట్టే తీరులో ఒక్కొక్కరిది ఒక్కొక్క చేతివాటం. ఈ పక్షిని సిద్ధపరచిన చేయి మైనర్ట్‌జాగన్‌ది కాదు, డేవిడ్సన్‌ది! బ్రిటిష్ మ్యూజియం నుండి అపహరించిన పాత నమూనాకు కొత్త చీటీ తగిలించాడని తేలింది. అబద్ధపు చీటీని పక్కన పెట్టగానే వెదకవలసిన చోట్లు స్పష్టమయ్యాయి.

1997 నవంబరులో రాస్ముసేన్, బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్ తొలుత తూర్పున వెదికి నిరాశ చెందారు. పిమ్మట ఖాందేశ్ చేరారు. నవంబరు 25 ఉదయం మహారాష్ట్రలోని షహాదా సమీపంలో ఆకురాలిన చెట్టుకొమ్మపై ఒక గుడ్లగూబ కనిపించింది. నడినెత్తిన చుక్కలు దాదాపు లేవు. రెక్కలపై, తోకపై వెడల్పాటి పట్టీలు, పొట్ట దిగువన మచ్చలేని తెలుపు, కాళ్లనిండా దట్టమైన తెల్లని ఈకలు. హ్యూమ్ వర్ణించిన పక్షి ఇదే.

విచిత్రమేమంటే, ఇది చీకట్లో దాగే పక్షి కాదు. పగటిపూట, ముఖ్యంగా ఉదయం, బయలుగా కూర్చుని ఎండ కాచుకుంటుంది. ఉద్రేకం కలిగితే తోకను అటూఇటూ విదిలిస్తుంది. కొమ్మపై నుండి నేలను గమనించి బల్లులను, ఎలుకలను, కీటకాలను పట్టుకుంటుంది. టేకుచెట్లున్న పలుచని అడవులలో, చెట్టుతొర్రలలో గుడ్లు పెడుతుంది.

ఆ తరువాత మేల్‌ఘాట్, తోరణ్‌మాళ్ వంటి చోట్ల, 2014లో ముంబయి సమీపంలోని తాన్సా అభయారణ్యంలో కూడా ఇది కనిపించింది. కొత్త చోట్లు బయటపడటంతో 2018లో దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల పట్టీ నుండి అంతరించిపోతున్న జాతుల పట్టీకి మార్చారు. అంతమాత్రాన ముప్పు తొలగలేదు. తొర్రలున్న ముదురు చెట్లను వంటచెరకుకు నరుకుతున్నారు. క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను చంపే దురాచారమూ సమసిపోలేదు.