చూపును కొలిచే చదువు

నీట్‌లో ర్యాంకు రాలేదని దిగులుపడే బైపీసీ విద్యార్థులు ఆప్టోమెట్రీ పేరు వినగానే ‘కళ్లజోళ్ల కోర్సు’ అని పక్కన పెట్టేస్తుంటారు. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఎదుటి మనిషికి లోకం ఎలా కనిపిస్తోందో కనిపెట్టే విద్య అది.

చూపు పోయిందంటే అంతా చీకటేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అంధుల్లో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు మిగిలే ఉంటుంది. మన దేశంలో 2017లో మార్చిన నిర్వచనం ప్రకారం, మెరుగైన కంటి చూపు 3/60 కంటే తక్కువైతే అంధత్వం. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరం ఆ మనిషికి 3 మీటర్ల దగ్గరా తెలియదన్నమాట. నీటికాసులు ముదిరితే పక్క చూపు కుదించుకుపోతుంది. రెటినా నడిభాగమైన మాక్యులా దెబ్బతిన్నవారికి పక్కనున్న గుమ్మం కనిపిస్తుంది గానీ ఎదురుగా నిలబడ్డ మనవడి ముఖం కనిపించదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటినా జబ్బు రేచీకటితో మొదలవుతుంది. ఒకరికి భూతద్దం కావాలి, ఇంకొకరికి తెల్లకర్రతో నడవడం నేర్పాలి, మరొకరికి ఇంట్లో దీపాల అమరిక మార్చినా మేలే. ఎవరికి ఏది పనికొస్తుందో తేల్చే పనినే ‘లో విజన్’ సేవ అంటారు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది. మన దగ్గర ఈ పని తెలిసిన ఆప్టోమెట్రిస్టులు ఇంకా చాలామంది కావాలి.

అక్షరాలు రాని పసిబిడ్డకు పవర్ ఎంతో ఎలా తెలుస్తుంది? రెటినోస్కోప్‌తో కంట్లోకి వెలుగు పంపి, కంటిపాపలో అది ఎటు కదులుతోందో చూస్తూ అద్దాలు మారుస్తారు. కదలిక ఆగిన చోట లెక్క తేలుతుంది. బిడ్డ ఒక్క మాటైనా చెప్పనక్కర్లేదు. ఇదే పరికరంతో పశువైద్యులు కుక్కల చూపునూ కొలుస్తారు. రంగుల్ని గుర్తించే కోన్ కణాలు మనకు మూడు రకాలు, కుక్కకు రెండే. నీలం, పసుపు దానికి విడివిడిగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. అయితే మసక వెలుతురులో మనకంటే బాగా చూస్తుంది. కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి దానికి ఉంటుంది. రాత్రిపూట టార్చి వేస్తే ఆవుల కళ్లు మెరిసేదీ ఆ పొర వల్లే. ఇటు మనసున్నవారు అయిదున్నరేళ్ల బీవీఎస్సీ చేసి, పీజీలో సర్జరీ తీసుకుని జంతువుల కంటి వైద్యం వైపు వెళ్లొచ్చు.

ఆప్టోమెట్రీ డిగ్రీ చాలాకాలంగా ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. బైపీసీ వారికే కాదు, చాలా కాలేజీల్లో ఎంపీసీ వారికీ ప్రవేశం ఉంది. చదువులో కాంతిశాస్త్రమూ ఉంటుంది మరి. అంత సమయం లేనివారికి పారామెడికల్ బోర్డు పరిధిలో రెండేళ్ల ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా ఉంది. అంధ విద్యార్థులకు పాఠాలు చెప్పాలనుకుంటే భారత పునరావాస మండలి గుర్తించిన స్పెషల్ బీఈడీ చూడండి.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులకూ వర్తిస్తుంది, నియమాలు మారుతున్నాయి. అందుకే ఫీజు కట్టేముందు కోర్సు ఎన్నేళ్లో, గుర్తింపు ఎవరిదో అడగండి. కాలేజీకి అనుబంధంగా కంటి ఆసుపత్రి ఉందా, విద్యార్థి చేతికి రెటినోస్కోప్ ఏ సంవత్సరంలో ఇస్తారు, లో విజన్ క్లినిక్‌లో కూర్చోనిస్తారా? జవాబులు సీనియర్ల నోటనే వినండి.