చెరువు నీటిలోని అకశేరుక జీవులు – వరిలో తొలి నలభై రోజుల సస్యరక్షణ: కథలాపూర్ మండల నేపథ్యం

ఉపోద్ఘాతం

భూగోళ ఉపరితలంలో మంచినీటి వనరులు ఆక్రమించిన భాగం ఒక శాతం కన్నా తక్కువ. అయినప్పటికీ శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించిన జంతుజాతులలో దాదాపు పదో వంతు ఈ నీటినే ఆశ్రయించి జీవిస్తున్నవి. ఇట్టి జాతులలో సుమారు 60 శాతం కీటకాలే. చేపలు, కప్పలు, నీటి పక్షులు మన దృష్టికి వెంటనే వస్తాయి. వెన్నెముక లేని ఈ చిన్న జీవులు మాత్రం సాధారణంగా గమనానికి రావు. వ్యవసాయ విస్తరణ రంగంలో ఇవి చర్చకు వచ్చే సందర్భాలు మరీ అరుదు. నీటిలో కనిపించిన ప్రతి పురుగును తెగులుకారకంగా భావించే ధోరణి కూడా లేకపోలేదు.

జగిత్యాల జిల్లాలోని కథలాపూర్ మండలం ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన ప్రాంతం. ఉత్తరాన కోరుట్ల, దక్షిణాన వేములవాడ, సిరిసిల్ల ప్రాంతాల నడుమ ఉన్న ఈ మండలంలో వరి ప్రధాన పంట. కలికోట సూరమ్మ చెరువు మొదలుకొని ఊరూరా ఉన్న చెరువులు, కుంటలు, శ్రీరాంసాగర్ వరద కాలువ, వ్యవసాయ బావులు, వరి మడులు కలిసి ఇక్కడ ఒకే జలవ్యవస్థగా ఏర్పడినవి. తూము నుండి వదలిన నీటితో పాటు అందులోని జీవులు కూడా మడికి చేరుతాయి. కావున చెరువును నీటిపారుదల శాఖకు, మడిని వ్యవసాయ శాఖకు చెందిన వేర్వేరు విషయాలుగా చూడడం పాలనాపరంగా సౌకర్యమే గాని జీవావరణపరంగా సరికాదు. వరి నాటిన తొలి నలభై రోజులలో రైతు తీసుకునే సస్యరక్షణ నిర్ణయానికి, ఈ నీటి జీవులకు గల సంబంధాన్ని వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

చెరువులో, మడిలో కనిపించే ప్రధాన వర్గాలు

1. జంతు ప్లవకాలు: రోటిఫెర్లు, క్లాడోసెరాలు, కోపెపోడాలు ఈ వర్గానికి చెందినవి. ఇవి నాచును, బాక్టీరియాను తిని పెరిగి చేప పిల్లలకు తొలి ఆహారమగును. చెరువు ఎండే సమయంలో వీటిలో అనేకం గట్టి పొర గల నిద్రాణ గుడ్లను అడుగు మట్టిలో విడుస్తాయి. ఈ గుడ్లు సంవత్సరాల తరబడి జీవశక్తిని నిలుపుకొని, తిరిగి నీరు చేరినప్పుడు పొదుగుతాయి.

2. మొలస్కా జీవులు: పైలా గ్లోబోసా అనే పెద్ద నత్త మొప్పలతోను, ఊపిరితిత్తి వంటి అవయవంతోను శ్వాసించగలదు. ఎండాకాలంలో గుల్ల మూతను బిగించుకొని మట్టిలో నిద్రావస్థలో ఉంటుంది. ఆలుచిప్పలు నీటిని వడకట్టి అందులోని సూక్ష్మ కణాలను తింటాయి. వీటి డింభకాలు కొంతకాలం చేపల మొప్పలకు, రెక్కలకు అంటుకొని జీవించిన తరువాతే స్వతంత్ర జీవనం ఆరంభిస్తాయి. అనగా చేపలు లేని చెరువులో ఆలుచిప్పల సంతతి నిలువదు.

3. కీటకాలు: తూనీగ, సూది తూనీగ డింభకాలు నీటిలో దోమ పిల్లలను, ఇతర చిన్న జీవులను వేటాడి, ప్రౌఢ దశలో మడిపై ఎగురుతూ కీటకాలను పట్టి తింటాయి. మైక్రోవీలియా అనే అతి చిన్న నల్లి నీటి ఉపరితలంపై తిరుగుతూ, మొక్క నుండి జారిపడిన సుడిదోమ పిల్లలను పట్టి రసం పీలుస్తుంది. కైరోనోమిడ్ అనే కుట్టని దోమల డింభకాలు అడుగున కుళ్లుతున్న సేంద్రియ పదార్థాన్ని తిని బ్రతుకుతాయి. వీటిలో కొన్ని జాతులు హీమోగ్లోబిన్ కలిగి ఎర్రగా ఉంటాయి. ఆ కారణంగా ప్రాణవాయువు కొరవడిన బురదలో కూడా జీవించగలవు.

4. ఇతర వర్గాలు: ఎండ్రకాయలు, జలగలు, ట్యూబిఫెక్స్ వంటి బురద పురుగులు. ఎండ్రకాయలు గట్లకు బొరియలు చేసి నీటి నష్టం కలిగించే మాట నిజమే. అదే సమయంలో కుళ్లిన ఆకులను ముక్కలు చేసి పోషకాల పునశ్చక్రానికి తోడ్పడునవి కూడా ఇవే.

తొలి నలభై రోజుల ప్రాముఖ్యం

దమ్ము చేసిన మడిలో మోళ్లు, పచ్చిరొట్ట, పశువుల ఎరువు కుళ్లుతుండగా బాక్టీరియా, నాచు వేగంగా పెరుగును. వాటిని తిని జంతు ప్లవకాలు, కైరోనోమిడ్‌లు అత్యధిక సంఖ్యలో వృద్ధి చెందుతాయి. ఈ దశలో పంటకు హాని చేసే పురుగులు మడిలో స్వల్పం. అయినను సాలీళ్లు, నీటి నల్లులు, సూది తూనీగలు అప్పటికే మడిలో స్థిరపడి సంతతిని పెంచుకొనగలవు. వాటికి ఆహారం నీటి నుండి వెలువడే ఈ తటస్థ కీటకాలే. సుడిదోమ వంటి పురుగులు తరువాత వచ్చేసరికి శత్రుసైన్యం సిద్ధంగా ఉంటుంది.

ఈ సంబంధాన్ని ఇండోనేషియాలోని జావా ద్వీపపు నీటిపారుదల వరిలో విలియం సెటిల్ బృందం స్పష్టపరచి, 1996లో "ఎకాలజీ" పత్రికలో ప్రచురించినది. తొలిదశలో కీటకనాశని వాడిన మడులలో మిత్రపురుగులు, వాటికి ఆహారమయ్యే తటస్థ కీటకాలు రెండూ తగ్గి, తరువాతి దశలో హానికర పురుగులు పెరిగినట్లు వారు గుర్తించారు. పొలాలు విస్తారంగా ఒకేసారి ఎండి, దీర్ఘకాలం బీడుగా ఉన్న ప్రాంతాలలో మిత్రపురుగుల రాక ఆలస్యమగుట వారి మరొక పరిశీలన. ఇండోనేషియా ప్రభుత్వం సుడిదోమ ఉధృతి నేపథ్యంలో 1986లోనే వరిపై 57 రకాల కీటకనాశనుల వాడకాన్ని నిషేధించి సమగ్ర సస్యరక్షణ వైపు మళ్లినది.

జావా పరిశీలనలను కథలాపూర్ పరిస్థితికి అన్వయిస్తే ఒక ముఖ్య విషయం బోధపడుతుంది. ఇక్కడ యాసంగి కోతల తరువాత వానాకాలం నాట్ల వరకు పొలాలు సాధారణంగా ఎండి ఉంటాయి. ఆ కాలంలో నీటిని వదలి బ్రతకలేని జీవులకు చెరువు మడుగులు, బావులు, కాలువ గుంటలే ఆశ్రయం. రెక్కలు గల నల్లులు, తూనీగలు వర్షాలు మొదలైన తరువాత అక్కడి నుండే మడులకు చేరవలసి ఉన్నది. అందువల్ల వేసవిలో చెరువు స్థితి, నాట్ల తరువాత గుళికల వాడకం – ఈ రెండూ ఒకే గొలుసులోని లంకెలు. ఒకటి తెగినా రెండవది ఒంటరిగా ఫలితమివ్వదు.

ఈ ప్రాంతంలో వరికి తొలిదశలో ఉల్లికోడు, కాండం తొలుచు పురుగు సమస్యాత్మకమైనవి. ప్రధాన పొలంలో అవసరం ఉన్నా లేకున్నా గుళికలు వేసే అలవాటు వీటి భయం నుండి పుట్టినదే. అయితే జగిత్యాల పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన జగిత్యాల సన్నాలు వంటి ఉల్లికోడును తట్టుకునే రకాలు రైతులకు అందుబాటులో ఉన్నవి. ఇట్టి రకం వేసిన మడిలో కేవలం ఉల్లికోడు కొరకు గుళికలు చల్లుట ఖర్చును పెంచి మిత్రపురుగులను తగ్గించుటే అగును. ఫోరేట్ వాడకం దేశంలో 2020 డిసెంబరు 31 తరువాత నిషిద్ధమైనదని కూడా విస్తరణ సిబ్బంది రైతులకు గుర్తుచేయవలెను.

హాని చేసే నీటి జీవులు

నీటి జీవులన్నీ మేలు చేసేవని భావించుట కూడా పొరపాటే. లిమ్నియా వర్గపు నత్తలు పశువులలో కార్జపు జలగ వ్యాధికి, ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ అనే చదునైన చుట్ట నత్త పశువుల ముక్కు గురక వ్యాధికి, పొట్ట జలగలకు మధ్యస్థ ఆతిథేయులు. చెరువు అంచు గడ్డిని మేసే గేదెలకు, గొర్రెలకు ఈ ముప్పు ఎక్కువ. నత్తలను విషంతో చంపుట చెరువంతటికీ నష్టం. దానికి బదులు పశువులకు తొట్లలో నీరు పెట్టుట, పశువైద్యుని సలహాపై సకాలంలో జలగల మందు తాగించుట మేలైన మార్గం.

కొత్త జాతుల రాకపై కూడా నిఘా అవసరం. కాలువల ద్వారా గోదావరి నీరు చెరువులకు చేరుతున్న కొలది ఒక పరీవాహకపు జీవులు మరొక చోటికి చేరే అవకాశం పెరుగును. మన దేశంలో వ్యాపించిన విదేశీ నత్త ఫైసెల్లా అక్యూటాను గుర్తించుట సులభం. గుల్ల మొనను పైకి పెట్టి చూసినప్పుడు దాని నోరు ఎడమ వైపున ఉంటుంది. తూర్పు, ఆగ్నేయాసియా దేశాలలో వరిని నష్టపరచిన పొమేసియా నత్త నీటిమట్టానికి పైన కాండాలపై, రాళ్లపై గులాబీ రంగు గుడ్లను పెడుతుంది. మన పైలా నత్త గుడ్లు తెల్లగా, తడి మట్టిలో ఉంటాయి. గులాబీ రంగు గుడ్ల గుత్తి ఎక్కడ కనిపించినా వెంటనే పరిశోధనా స్థానానికి తెలియజేయవలెను.

పూడికతీతలో పాటించవలసిన జాగ్రత్త

తెలంగాణలో 46,531 చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా మిషన్ కాకతీయ 2015 మార్చి 12న ఆరంభమైనది. పూడికతీత వలన నీటి నిల్వ పెరుగుట, ఒండ్రుమట్టి వలన చెలక భూముల సారం మెరుగుపడుట అందరికీ తెలిసిన ప్రయోజనాలు. అయితే నిద్రాణ గుడ్లు అధికంగా ఉండేది పై కొన్ని అంగుళాల మట్టిలోనే. నిద్రించే పైలా నత్తలు కూడా అడుగు మట్టిలోనే ఉంటాయి. చెరువంతా ఒకే వేసవిలో ఒకే లోతుకు తవ్విన పక్షంలో ఈ జీవ నిధి పూర్తిగా పొలాలకు తరలిపోవును. కావున శిఖం వైపు కొంత భాగాన్ని కదపకుండా ఉంచుట, తూము సమీపంలోని లోతు మడుగును నీటితో నిలుపుట, తవ్వకాన్ని రెండు వేసవులకు పంచుట అనుసరణీయం. దీని వలన చేపపిల్లలు వదిలే మత్స్య సహకార సంఘాలకు కూడా లాభమే, ఏలయనగా ప్లవకాలు లేని నీటిలో పిల్లలు తొలి వారాలలో ఆకలికి గురి అగును.

విద్యార్థులకు సర్వే విధానం

కావలసిన పరికరాలు: అర మిల్లీమీటరు కన్నుల వల బిగించిన కర్ర చట్రం, తెల్లని పళ్లెం, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, 70 శాతం ఆల్కహాల్, పెన్సిల్‌తో వ్రాసిన చీటీలు.

చెరువులో తూము దగ్గర, మత్తడి వైపు, శిఖం వైపు లోతు తక్కువ నీటిలో – మూడు స్థానాలను ఎంచుకొనవలెను. ప్రతి స్థానంలో మూడు నిమిషాల పాటు వలతో గడ్డిని, అడుగు బురదను కదిపి సేకరించవలెను. అదే చెరువు ఆయకట్టులో గుళికలు వేసిన, వేయని మడులలో కూడా నాటిన 15, 30, 45 రోజులకు ఇదే విధంగా నమూనాలు తీయవలెను. చెరువు నమూనాలను వానల తరువాత ఒకసారి, వేసవి మొదట ఒకసారి సేకరించుట తగును.

వర్గాల సంఖ్యతో పాటు వాటి నడుమ సమతుల్యతను కూడా లెక్కించవలెను. ఇందుకు షానన్ సూచిక ఉపకరించును. ఊహాత్మక ఉదాహరణగా, ఒక నమూనాలో 100 జీవులు ఐదు వర్గాలకు 20 చొప్పున ఉన్నచో సూచిక విలువ 1.61. మరొక నమూనాలో అవే ఐదు వర్గాలు ఉండి, 80 ఎర్ర పురుగులు, మిగిలిన నాలుగు వర్గాలు ఐదేసి ఉన్నచో విలువ 0.78. వర్గాల సంఖ్య రెండింటా ఒకటే అయినను రెండవ నీటిలో ఒకే వర్గం ఆధిపత్యం వహించినది. ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ మాత్రమే మిగిలిన నీటిలో ప్రాణవాయువు కొరత, మురుగు చేరికను అనుమానించవలెను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా అడుగు అకశేరుకాల ఆధారంగా నీటిని ఐదు తరగతులుగా విభజించే జీవ ప్రమాణాలను రూపొందించినది. అయితే వేగంగా పారే, చల్లని నీటి జీవులకు అధిక విలువనిచ్చే ఇట్టి ప్రమాణాలను నిలువ నీటి చెరువులకు యథాతథంగా వర్తింపజేయరాదు. రాతి ఈగల డింభకాలు కథలాపూర్ చెరువులో కనిపించకపోవుట కాలుష్యానికి నిదర్శనం కాదు. ఒకే ప్రాంతపు చెరువులను, ఒకే ఋతువులో పరస్పరం పోల్చుట సరైన పద్ధతి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• సస్యరక్షణ మందును నారుమడి దశలోనే, సిఫారసు మేరకు పరిమితం చేయుటకు ప్రోత్సహించవలెను. నారుమడి విస్తీర్ణం స్వల్పం గనుక మందు నీటిలో కలిసే ప్రమాదం కూడా స్వల్పం.

• ప్రధాన పొలంలో ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే మందు వాడవలెను. కాండం తొలుచు పురుగుకు చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు లేదా ఒక గుడ్ల సముదాయం. సుడిదోమకు పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 పురుగులు పరిమితిగా గ్రహించవలెను.

• సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వరిలో సుడిదోమను తిరిగి విజృంభింపజేస్తాయి. వీటిని వాడరాదు.

• మందు వేసిన మడి నీటిని వెంటనే కాలువలోకి వదలరాదు. డబ్బాలను, పంపులను చెరువులో కడగరాదు.

• ఆరుతడి పద్ధతి నీటిని ఆదా చేసి మీథేన్‌ను తగ్గించును. అయితే మడి ఆరినప్పుడు నీటి జీవులకు ఆశ్రయం ఉండదు. కావున నీరు ప్రవేశించే మూలలో ఒక చిన్న గుంటను నిలుపుట మంచిది. తొలి ఆరుదలను నాటు కుదురుకున్న తరువాతే ఆరంభించవలెను.

• రైతు క్షేత్ర పాఠశాలలో తెల్లని పళ్లెంలో మడి నీటిని పోసి, శత్రు, మిత్ర, తటస్థ పురుగులను రైతుల చేతనే వేరు చేయించవలెను.

ముగింపు

నాటిన మూడవ వారంలో మడి నీటిపై చిన్న దోమలు గుంపులుగా లేచుట చూసి రైతు దుకాణానికి వెళ్లుట పరిపాటి. ఆ దోమలలో అధిక భాగం పంటను ముట్టనివి. సాలీడుకు, తూనీగకు తొలి ఆహారం. ఆ వారంలో వాటిని చంపిన యెడల ఈనిక దశలో సుడిదోమపై రెండు, మూడు పర్యాయాలు మందు కొట్టవలసిన స్థితి ఏర్పడవచ్చును. కథలాపూర్ వంటి మండలంలో ఒక చెరువును, దాని ఆయకట్టులో పది మడులను ఎంచుకొని వరుసగా రెండు సంవత్సరాలు పై విధానంలో పరిశీలించుట స్నాతకోత్తర విద్యార్థికి సాధ్యమైన పని. గుళికలు వేసిన, వేయని మడుల నడుమ మిత్రపురుగుల సంఖ్యలో, పిచికారీల ఖర్చులో, దిగుబడిలో గల తేడాను ఆ ఊరి లెక్కలతోనే చూపగలిగినచో రైతును ఒప్పించుటకు వేరే ఉదాహరణ అవసరముండదు.