అద్దం పగలకుండా పాత వ్యాన్ కిటికీ తీయడం ఎలా?

"గాజు బ్రిటిల్ మెటీరియల్" అని మెటీరియల్ సైన్స్ నోట్సులో రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఆ మాట అసలు అర్థం నాకు మా బాబాయి మారుతి ఓమ్ని దగ్గర తెలిసింది. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 2019లో తయారీ ఆగిపోయిన బండి అది. బాబాయి రోజూ క్యాటరింగ్ సామాను దాంట్లోనే వేస్తాడు. వానొస్తే ముందు, వెనక అద్దాల అంచుల్లోంచి నీళ్ళు కారి రేకు తుప్పు పడుతోంది. అద్దాలు తీసి తుప్పు గీకి, కొత్త రబ్బరు వేయాలి. అద్దం పగిలిందంటే కొత్తది దొరికేదాకా బండీ కదలదు, ఆ రోజుల సంపాదనా ఉండదు.

మెకానిక్ అన్న ముందే హెచ్చరించాడు: "అద్దాన్ని లాగొద్దు తమ్ముడూ, రబ్బరుని వదిలించు."

ఎందుకంటే...

గాజు అంచుల్లో కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి. వాటి కొనల దగ్గర ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని గ్రిఫిత్ 1921లోనే వివరించాడు. అందుకే అంచు మీద స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే పని అయిపోయినట్టే.

వ్యాన్‌లో రెండు రకాల అద్దాలుంటాయి. ముందుది మామూలుగా లామినేటెడ్: రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర. వంచితే అంచు నుంచి గీత పాకుతుంది. పక్కవీ, వెనకదీ టఫెన్డ్: పైపొర నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో ఉంటాయి. మధ్యలో అరచేత్తో గట్టిగా నెట్టినా తట్టుకుంటుంది. అంచున ఇనుము తగిలితే మొత్తం గుళ్ళగుళ్ళగా రాలిపోతుంది. బాగా పాత బళ్ళలో ముందుది కూడా టఫెన్డ్ కావచ్చు. అద్దం మూలనున్న ముద్ర చదివి చూసుకోండి.

తీసే పద్ధతి

1. రబ్బరు అంచు కొంచెం ఎత్తి చూడండి. దీనికి రెండు గాళ్ళుంటాయి: ఒకటి అద్దాన్ని, ఇంకోటి బాడీ రేకుని పట్టుకుంటుంది. రబ్బరు లేకుండా జిగురుతో అతికించిన అద్దమైతే ఈ పద్ధతి పనికిరాదు, ఆపేయండి.

2. వైపర్లు, లోపలి మిర్రర్, వెనక అద్దానికి వైర్లుంటే అవి విప్పేయండి. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

3. రబ్బరు ఎండి గట్టిపడిందా? దాన్ని కాపాడాలని చూడకండి. బయటి అంచుని పదునైన బ్లేడుతో, అద్దానికి సమాంతరంగా, చుట్టూ కోసేయండి. రబ్బరు ధర అద్దం ధరలో చిన్న భాగమే.

4. రబ్బరు మెత్తగా ఉంటే సబ్బునీళ్ళు పోసి, లోపలి నుంచి పై మూల దగ్గర మొదలుపెట్టి, ప్లాస్టిక్ గరిటె కాడతో లోపలి అంచుని రేకు మీంచి బయటికి తోయండి. ఎండలో బండి కాసేపు ఉంచితే రబ్బరు మెత్తబడుతుంది. చల్లటి అద్దం మీద మరిగే నీళ్ళు మాత్రం వద్దు.

5. ఒకళ్ళు లోపల రెండు అరచేతులూ పరిచి మెల్లగా నెట్టాలి, ఇంకొకళ్ళు బయట పట్టుకోవాలి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెంచకండి. ఆ చోట రబ్బరు ఇంకా వదల్లేదని అర్థం, మళ్ళీ సబ్బునీళ్ళు పోయండి.

6. తీసిన అద్దాన్ని నేల మీద పడుకోబెట్టొద్దు. పాత దుప్పటి మీద, గోడకి కొంచెం వాల్చి నిలబెట్టండి.

ముందూ వెనకా ఉన్న రెండు అద్దాలకీ మాకు సగం రోజు పట్టింది. అందులో నెట్టిన సమయం చాలా తక్కువ, మిగతాదంతా రబ్బరుతోనే.

బిగించే ముందు

రేకు అంచు మీద తుప్పు పెళ్ళలు ఒక్కటి కూడా మిగలకూడదు. బిగించాక ఆ చిన్న పెళ్ళే అద్దాన్ని ఒకే చోట పొడుస్తుంది, గతుకుల్లో పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. గీకి, ప్రైమర్ కొట్టి, ఆరనివ్వండి. తర్వాత కొత్త రబ్బరుని అద్దానికి తొడిగి, రేకు కూర్చునే గాడిలో నైలాన్ తాడు చుట్టూ పెట్టండి. బయటి నుంచి ఒకళ్ళు అద్దాన్ని ఆనించి పట్టుకుంటే, లోపలి నుంచి తాడు లాగుతూ పోతే రబ్బరు అంచు తనంతట తనే రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది. చివరగా పైపుతో నీళ్ళు కొట్టి, లోపల చుక్క పడట్లేదని చూసుకున్నాకే సీట్లు బిగించండి.